సెవెరిన్ తాగని కాఫీ

"ఏమండీ, టోపీ చెవుల మీదికి లాక్కోండి. ముక్కు ఎలా ఎర్రబడిందో చూసుకున్నారా?" అంది బెనిగ్నె.

"నాకేం చలి లేదు," అన్నారు ఆ ఏమండీగారు, ముక్కు చేతితొడుగుకి తుడుచుకుంటూ.

ఏమండీగారికి ఆరేళ్ళు. ముందుపళ్ళు రెండూ ఊడాయి. బడిలో పేరు సెవెరీనె. బెనిగ్నె మొగుడు సెవెరిన్ పోయిన మరుసటి ఏడు పుట్టింది కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఉమ్మన్నాక్ అనే ఆ మంచుసీమ ఊళ్ళో పుట్టినవాళ్ళకి పోయినవాళ్ళ పేరు పెడితే పోయినవాళ్ళు ఇంటికి తిరిగొచ్చినట్టే లెక్క. అందుకే బెనిగ్నె తన మనవరాలిని మొగుణ్ణి పిలిచినట్టే పిలుస్తుంది. కొడుకు తోబియాస్ ఈ పిల్లని నాన్నా అంటాడు. కోడలు నాయా అయితే తన కడుపున పుట్టినదాన్నే "మామయ్యా, పాలు తాగుతారా?" అని అడుగుతుంది. పిల్లకి ఈ ఏర్పాటు మహా బాగుంది. ఎంత అల్లరి చేసినా పల్లెత్తు మాట అనేవాళ్ళు లేరు. మొగుణ్ణి, మామగారిని, కన్నతండ్రిని పట్టుకుని కసిరేదెవరు?

ఆ రోజు కుక్కబండ్ల పందెం. సముద్రం మీద మంచు ఇంకా గట్టిగా ఉంది, ఎండ మాత్రం కళ్ళు చెదిరేలా కాస్తోంది. ఊరంతా గడ్డకట్టిన సముద్రం మీదే ఉంది. కదల్లేని ముసలివాళ్ళని కూడా తోళ్ళలో చుట్టి బండ్లమీద తెచ్చి వరసగా పెట్టారు. తోబియాస్ మంచి కుక్కలన్నిటినీ పందానికి కట్టేసుకున్నాడు. ఇంటివాళ్ళ బండికి మిగిలినవి నాలుగు ముసలి కుక్కలు. వాటికి పని చెయ్యడానికి ఓపిక లేదు, అరవడానికి మాత్రం తీరికుంది. అవి దారంతా ఈడ్చుకుంటూ, దగ్గుకుంటూ, మధ్యమధ్య అలిగి కూర్చుంటూ ఎలాగో చివరి మలుపు దాకా తెచ్చాయి. అక్కడి నుంచి చూస్తే పెద్ద మంచుకొండ చుట్టూ తిరిగి వచ్చే బండ్లూ కనిపిస్తాయి, ఊరి కింద గెలుపు గీత దగ్గర ఊగే జెండాలూ కనిపిస్తాయి.

"మామయ్యా, దిగకండి. ఆ తోలు కప్పుకుని కూర్చోండి," అంది నాయా, కాఫీ ఫ్లాస్కులు బయటికి తీస్తూ.

మామయ్య అప్పటికే దిగిపోయాడు. కోటు జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి. వాటిలో ఏముందో ఎవరూ అడగలేదు. ఆరేళ్ళ పిల్ల జేబుల్లో ఏముంటే ఏమిట్లే అనుకున్నారు. అనుకోకుండా ఉండాల్సింది.

వాళ్ళకి కొంచెం అవతల ఎలియాస్ వాళ్ళ బండి ఆగి ఉంది. పక్కనే అనడానికి లేదు, దూరం అనడానికీ లేదు. వాళ్ళ కాఫీ వాసన వీళ్ళ ముక్కుకి తగులుతోంది. ఎలియాస్ పెళ్ళాం హన్సీనె బెనిగ్నెకి సొంత చెల్లెలు. ఒక్క తల్లి కడుపున పుట్టి, ఒక్క తోలు కింద పడుకుని పెరిగినవాళ్ళు.

"చలి బాగానే ఉందక్కా!" అని అక్కణ్ణించే అరిచింది హన్సీనె.

"గాలి లేదు, అదే నయం!" అని ఇక్కణ్ణించి అరిచింది బెనిగ్నె.

అంతే. అక్కాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఏళ్ళ తరబడి ఇంతే. కొట్లో కనపడితే మాట, చర్చిలో కనపడితే మాట. కానీ ఒకరింట్లో ఒకరు కూర్చుని కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో! కాఫీ లేని చుట్టరికం కూడా ఒక చుట్టరికమేనా?

దీనికంతటికీ మూలం సెవెరిన్. పాత సెవెరిన్. ఒకప్పటి పందెంలో ఆయన అందరికంటే ముందు వస్తున్నాడు. గీత నాలుగడుగుల్లో ఉందనగా కుక్కలన్నీ దారి మళ్ళి జనంలోకి దూరాయి. సరిగ్గా హన్సీనె కూర్చున్న చోటికే! ఆవిడ అప్పుడు పిల్లలకి ఎండు చేప కోసి పెడుతోంది. ఈ లోపల ఎలియాస్ తన కుక్కలతో దర్జాగా గీత దాటేశాడు. సెవెరిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "మొగుణ్ణి గెలిపించడానికి నా కుక్కలకి చేప చూపించింది!" అన్నాడు మరదల్ని, ఊరందరి ముందు. "నీ కుక్కలు తిండిపోతులైతే నా పెళ్ళాం ఏం చేస్తుంది?" అన్నాడు ఎలియాస్. మాటా మాటా పెరిగింది. "నా కుక్కలు నీ కుక్కలకంటే ముందు ఆ గీత దాటేదాకా నీ ఇంట్లో కాఫీ చుక్క ముట్టను, ఒట్టు!" అన్నాడు సెవెరిన్.

దాటలేదు. ప్రతి ఏడూ పంతం పట్టడం, ప్రతి ఏడూ ఓడిపోవడం. ఆయన వేటలో గట్టివాడే గానీ కుక్కలకి తిండి పెట్టే దగ్గర చెయ్యి మరీ పెద్దది. పందెం నాటికి అవి బొద్దుగా, ముద్దుగా, నిద్రమొహాలతో ఉండేవి. ఆ ఒట్టు అలాగే ఉండిపోయింది, ఆయన పోయాడు. పోయి, ముందుపళ్ళు లేకుండా తిరిగొచ్చాడు.

ఇప్పుడు చిక్కంతా పిల్లకొచ్చి పడింది. హన్సీనె మనవరాలు పిపాలుక్ బడిలో దీని ప్రాణస్నేహితురాలు. ఇవాళే పిపాలుక్ పుట్టినరోజు. పందెం అవగానే వాళ్ళింట్లో అందరికీ కాఫీ. ఊరు ఊరంతా వస్తుంది. ఒక జట్టు లేస్తే ఇంకో జట్టు కూర్చుంటుంది, గుమ్మం ముందు బూట్లు గుట్ట పడతాయి, ఎండుద్రాక్ష వేసిన కేకు, క్రీము పూసిన కేకు, క్రౌబెర్రీలనే నల్లటి కొండపళ్ళ కేకు. సెవెరీనె అవన్నీ ఏళ్ళుగా కిటికీలోంచి చూసి వస్తోంది గానీ గుమ్మం దాటలేదు.

"నాన్నమ్మా, అసలు నేనెందుకన్నాను అలా?" అని పొద్దున్న లేచిన దగ్గర్నించీ పదిసార్లు అడిగింది.

"కోపమొచ్చిందండీ మీకు."

"అంత కోపమా?"

"అబ్బో! మూడు రోజులు మాట్లాడలేదు. కుక్కలతో కూడా."

పిల్ల తల పట్టుకుంది. "బుద్ధి లేదు నాకు," అంది.

బెనిగ్నెకి నవ్వొచ్చింది, వెంటనే గుండె చివుక్కుమంది. నిజం చెప్పాలంటే పిల్లకంటే ఆవిడకే ఎక్కువగా ఉంది ఆ గుమ్మం దాటాలని. చెల్లెలి వంటగది ఎలా ఉంటుందో కూడా మరిచిపోయింది. కిటికీ తెరలు మార్చారట, కొత్త పొయ్యి వచ్చిందట, అన్నీ అనగా వినడమే. పిల్లకి మాటలొచ్చినప్పటి నుంచీ ఎదురు చూస్తోంది, ఎప్పుడో ఒకప్పుడు "నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను" అంటుందేమోనని. ఒక్క మాటంటే చాలు, ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. కానీ ఆ మాట దానికై అది అనాలి. పోయినవాళ్ళ పేరు పెట్టుకున్నవాళ్ళ నోట్లో మనం మాట పెట్టకూడదు. పెడితే అది పోయినవాళ్ళ మాట అవదు, పెట్టినవాళ్ళదవుతుంది. అందుకని బెనిగ్నె నోరు కట్టేసుకుని కూర్చుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. తోబియాస్ కుక్కలు ఎలియాస్ కొడుకు పావియా కుక్కలకంటే ముందు రావాలి. తోబియాస్ కుక్కలంటే సెవెరిన్ కుక్కల పిల్లలే కదా.

"వస్తున్నారు!" అని ఎవరో మంచుదిబ్బ ఎక్కి కేక పెట్టారు.

ముందు పొగలాగా మంచు లేచింది. తరవాత అరుపులు వినిపించాయి. మొదటి బండి, రెండో బండి గాలిలా వెళ్ళిపోయాయి. అవి పక్కఊరి వాళ్ళవి, వాళ్ళ సంగతి మనకెందుకు? మూడోదాని కోసం బెనిగ్నె మెడ సాచింది. నీలం చొక్కా, తెల్ల ఎలుగుతోలు లాగు.

"తోబియాస్! మన తోబియాసే!" అని నాయా గాల్లోకి ఎగిరింది. చేతిలో ఫ్లాస్కు మూత ఎక్కడ పడిందో తెలియదు.

వాడి వెనకే, కుక్క మూతికి కుక్క తోక తగిలేంత దగ్గరలో, పావియా. తోబియాస్ ముందు, పావియా వెనక! బెనిగ్నె రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఆ వయసులో ఎగరకూడదు గానీ ఎగిరింది.

"కొట్టరా నాయనా! లగెత్తించు! వెనక్కి చూడకు, వెనక్కి చూడకురా గాడిదా!"

"పావియా, నిద్రపోతున్నావురా?" అని అవతల్నించి ఎలియాస్ గొంతు చించుకుంటున్నాడు. "ఆ ముద్దపప్పు కుక్కల వెనక నీకేం పనిరా?"

"ముద్దపప్పా? నీ కుక్కలకి కళ్ళజోడు కొనిపెట్టు, దారి కనపడుతుంది!" అంది బెనిగ్నె. మరిదితో అన్నాళ్ళ తరవాత ఆడిన పెద్దమాట అదే. అని నాలిక్కరుచుకుంది.

సరిగ్గా అప్పుడే సెవెరీనె జేబులోంచి చెయ్యి తీసింది.

దాని ఆలోచన దానిది. పొద్దున్న కుక్కల్ని కడుతుంటే అడిగింది, వీటికి తిండెందుకు పెట్టలేదని. పందెం ముందు పెట్టకూడదు, ఆకలి మీదుంటేనే పరిగెడతాయి అన్నాడు తోబియాస్. పిల్ల దాన్ని బాగా నమిలి మింగింది. ఆకలితో ఉన్న కుక్కకి చేప కనపడితే ఇంకా గట్టిగా పరిగెత్తదా? కొట్టంలో వేలాడే ఎండు చేపలు రెండు జేబుల్నిండా కుక్కుకుని వచ్చింది. ఇప్పుడు రెండు చేతుల్తోనూ రెండు పెద్ద ముక్కలు పైకెత్తి, ముందుపళ్ళు లేని నోటితో ఊరు దద్దరిల్లేలా అరిచింది.

"రండర్రా! ఇటు చూడండి! ఇంకా గట్టిగా!"

చూశాయి. నిజంగానే ఇంకా గట్టిగా పరిగెత్తాయి. కాకపోతే గీత వైపు కాదు.

తోబియాస్ అరిచాడు, కొరడా విసిరాడు, కాళ్ళు మంచులో తన్నిపెట్టాడు. పదిహేను కుక్కలు, పదిహేను నాలుకలు, ఒకటే ఆశ. దారి విడిచి నేరుగా ఇంటివాళ్ళ బండి మీదికొచ్చి పడ్డాయి. పావియా కుక్కలు ఒక్క క్షణం ఆలోచించాయి. ముందున్నవాళ్ళకి ఏదో దొరికినట్టుంది, మనకెందుకు లేకపోవాలనుకున్నాయి. అవీ మళ్ళాయి.

ఆ తరవాత జరిగింది ఎవరు చెప్పినా ఎవరూ సరిగ్గా చెప్పలేరు. బెనిగ్నె వెల్లకిలా మంచులో పడింది. ఆవిడ మీదుగా ఎన్ని కుక్కలు దాటాయో ఆవిడకే తెలియదు. కాఫీ ఒలికింది, బిస్కెట్లు పోయాయి, కొత్త దుప్పటి ఒకటి ఏదో కుక్క మెడకి శాలువలా చుట్టుకుంది. నాలుగు ముసలి కుక్కలకి ఒక్కసారిగా యవ్వనం వచ్చి, అవీ కలబడ్డాయి. రెండు బండ్ల తాళ్ళూ జడలా అల్లుకుపోయాయి. ఎవరి కుక్క ఎవరిదో, ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. ఈ గోలలో మిగతా పందెగాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు, నవ్వలేక నవ్వలేక పొట్టలు పట్టుకుని, పక్కనించి వెళ్ళిపోయారు.

తోబియాస్ నాలుగు కాళ్ళమీద కుక్కల కిందినుంచి బయటికొచ్చాడు. టోపీ లేదు. కూతుర్ని చూశాడు. దాని చేతుల్లో చేప తోకలు రెండు మిగిలాయి.

"నాన్నా," అన్నాడు ఏడుపు గొంతుతో. "ఏం చేశావు నాన్నా!"

ఇంకేమనగలడు? కన్నతండ్రి మరి.

అప్పుడు జనంలోంచి ఎవడో నోటిదూల గాడు పాత పాట అందుకున్నాడు. "హన్సీనె మళ్ళీ చేప చూపించిందిరోయ్!"

అందరూ గొల్లుమన్నారు. ఏళ్ళుగా ఊళ్ళో ఎవరి కుక్క దారి తప్పినా ఇదే ఎగతాళి. హన్సీనె అలవాటైన నవ్వొకటి నవ్వింది గానీ మొహం వాడిపోయింది. బెనిగ్నె మంచులోంచి లేస్తూ అది చూసింది.

సెవెరీనెకి ఒళ్ళు మండిపోయింది. అల్లరి అనేది తను కష్టపడి చేసుకున్నది, దాన్ని ఇంకెవరికో కట్టబెడతారా? తలకిందులైన బండి ఎక్కి, చేప తోకలు రెండూ ఊపుతూ అరిచింది.

"హన్సీనె కాదు! హన్సీనె ఏం చెయ్యలేదు! ఆ చేప నాది! తప్పు నాది! హన్సీనెని ఏమైనా అన్నారంటే ఊరుకోను!"

నవ్వులు ఆగిపోయాయి. కుక్కలు కూడా, చేప అయిపోయింది కాబట్టి, నోరు మూసుకున్నాయి. ఎలియాస్ తాళ్ళు విడదీస్తున్నవాడు విడదీస్తున్నట్టే ఉండిపోయాడు. ముసలివాళ్ళంతా బండ్ల మీద తిన్నగా కూర్చున్నారు. మాట అన్నది ఆరేళ్ళ పిల్లని అందరికీ తెలుసు. అన్నది సెవెరిన్ అని కూడా అందరికీ తెలుసు.

హన్సీనె నిలబడ్డ చోటే మంచు మీద చతికిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేం. రెండూ ఒకేసారి వచ్చేశాయి ఆవిడకి.

"ఇన్నాళ్ళు పట్టిందా బావా, ఆ మాటనడానికి!" అంది.

"అన్నయ్యా," అని ఎలియాస్ దగ్గరికొచ్చి, తన నడుం దాకా కూడా రాని పిల్ల ముందు టోపీ తీశాడు. "నేనూ నోరు జారానులే. నీ కుక్కలు తిండిపోతులు కావు."

సెవెరీనె చుట్టూ చూసింది. తోబియాస్ కుక్కల్లో ఒకటి అప్పుడే ఎవరిదో చేతితొడుగు మింగే ప్రయత్నంలో ఉంది.

"తిండిపోతులే," అంది న్యాయంగా.

పందెం మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తాళ్ళు విడదీసేసరికి చేతులు కొంకర్లు పోయాయి. ముందు పావియా కుక్కలు ఊడివచ్చాయి, వాడు వెళ్ళిపోయాడు. వాడి వెనక తోబియాస్. వాడు చివరినుంచి రెండు, వీడు చివర. అయినా గీత దగ్గర గెలిచినవాడికి కొట్టినదానికంటే వీళ్ళకే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

బెనిగ్నె దూరం నుంచి గీత వైపు చూస్తూ నిలబడింది. పావియా ముందు. తోబియాస్ వెనక. మళ్ళీ అంతే. మంచులో పడినప్పుడు నొప్పెట్టని నడుం అప్పుడు నొప్పెట్టింది.

హన్సీనె లేచి, మంచు దులుపుకుని, పిల్ల దగ్గరికి వచ్చింది. అందరూ వింటుండగా పద్ధతిగా అడిగింది. "బావగారూ, ఇవాళ మా పిపాలుక్ పుట్టినరోజు. కాఫీకి వస్తారా?"

బెనిగ్నె కళ్ళతో కూడా సైగ చెయ్యకూడదని ఊరి కొండవైపు చూస్తూ నిలబడింది. అనండి, అనెయ్యండి అని లోపల్లోపల ఎన్నిసార్లు అనుకుందో.

పిల్ల ఆలోచించింది. పెదవి కొరుక్కుంది.

"కుక్కలు ముందు రాలేదు," అంది చివరికి. "ఒట్టు ఒట్టే. నేను కాఫీ తాగకూడదు."

 అంతే, ఇక ఈ జన్మకింతే అనుకుంది బెనిగ్నె. మొగుడి మొండితనం మట్టిలో కూడా కరగలేదు, పళ్ళు ఊడినా పోలేదు.

"నాన్నమ్మా," పిల్ల ఆవిడ కోటు పట్టుకుని లాగింది. "అప్పుడు నేను కేకు గురించి ఏమైనా అన్నానా?"

"ఏంటండీ?"

"కాఫీ తాగనన్నాను. కేకు తిననని అన్నానా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

బెనిగ్నె గుర్తు తెచ్చుకుంది. ఇంత శ్రద్ధగా ఆవిడ జన్మలో ఏదీ గుర్తు తెచ్చుకోలేదు. ఆ పందెం, ఆ కేకలు, మొగుడి ఎర్రటి మొహం, ఒక్కొక్క మాటా.

"లేదండీ," అంది. "కేకు మాట మీరెత్తలేదు."

"అయితే పదండి!" అంది సెవెరీనె.

గుమ్మం ముందు బూట్ల గుట్ట దాటి, ఆవిరి పట్టిన అద్దాలు దాటి, వంటగదిలోకి వచ్చేసరికి అక్కడున్న జనమంతా లేచి చోటిచ్చారు. కిటికీ తెరలు పసుపుపచ్చవి. బెనిగ్నె ఎప్పుడూ నీలం అనుకునేది. పిపాలుక్ వచ్చి స్నేహితురాలి మెడకి వేలాడింది. ఒక్క నిమిషంలో పిల్ల ముందు మూడు రకాల కేకులూ వచ్చి కూర్చున్నాయి.

హన్సీనె అల్మారా పైఅర వెనకనుంచి ఒక కప్పు తీసింది. అంచున నీలం పువ్వులున్న పెద్ద కప్పు. పూర్వం సెవెరిన్ వస్తే అందులోనే పోసేది. ఇంకెవరికీ దాన్ని ఇవ్వలేదు. వేడివేడి కాఫీ నిండా పోసి, పిల్ల ముందు పెట్టి, ఏమంటుందోనని చూస్తూ నిలబడింది.

సెవెరీనె కప్పు చూసింది. నోటినిండా కేకు, బుగ్గల మీద క్రీము. రెండు చేతుల్తో కప్పుని జాగ్రత్తగా బెనిగ్నె ముందుకి తోసింది.

"నేను తాగను, ఒట్టు," అంది. "నువ్వు తాగవే బెనిగ్నే. నువ్వేం ఒట్టు పెట్టుకోలేదుగా."

ఎప్పుడూ నాన్నమ్మా అనే పిల్ల అలా పేరు పెట్టి పిలిచింది. బెనిగ్నె కప్పు దగ్గరికి లాక్కుంది. నిజమే. ఒట్టు పెట్టుకున్నది ఆయన. ఆవిడ ఎన్నడూ పెట్టుకోలేదు. ఎవరూ పెట్టుకోమనలేదు. ఇన్నేళ్ళు, ఈ వంటగదికి రెండు సందుల అవతల, తన కాఫీ తను ఒక్కతే కాచుకుని తాగింది.

ఆవిడకి కోపమొచ్చింది, దుఃఖమొచ్చింది, వాటన్నిటినీ తోసుకుంటూ ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, పక్కనే ఉన్న చెల్లెలి చెయ్యి పట్టుకుని, మొగుడి మీద విరుచుకుపడింది.

"ఏమండీ! ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

సెవెరీనె కేకు మింగింది. తాపీగా ఇంకో ముక్క అందుకుంది.

"నువ్వడగలేదుగా," అంది.

హన్సీనె కుర్చీలో కూలబడి నవ్వింది. ఎలియాస్ నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టేశాడు. బెనిగ్నె కప్పెత్తింది. కాఫీలో చక్కెర మరీ ఎక్కువైంది, సెవెరిన్‌కి అలాగే ఇష్టం. మొత్తం తాగేసి, కప్పు చెల్లెలి ముందుకి చాపి, ఇంకోటి పొయ్యమంది.